మేపకూడని మొక్క

బస్సు డిపో క్యాంటీన్‌లో వంట చేసే ఆయన్ని అందరూ గరిటె మామ అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది, కానీ జీతాలిచ్చే గుమాస్తా తప్ప దాన్ని ఎవరూ వాడిన దాఖలా లేదు. వంట బాగా చేస్తాడని వచ్చిన పేరు కాదు అది. వంట బాగానే చేసేవాడు, అది వేరే మాట. ఒక గరిటె కూర వెయ్యమంటే రెండు వేస్తాడు. చాలు చాలు అంటూ కంచం మీద చెయ్యి అడ్డం పెడితే, ఆ వేళ్ళ సందుల్లోంచే మూడోది వేస్తాడు. అందుకు వచ్చిన పేరు.

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. గరిటె మామకి డ్రైవర్లు, కండక్టర్లు, టైర్లు మార్చేవాళ్ళు, గేటు దగ్గర పడుకునే కుంటి కుక్క, అందరూ మనవాళ్ళే. దాంతో కడపంక్తి వాళ్ళకి ఒక్కోసారి గిన్నెలో అడుగంటిందే మిగిలేది. అప్పుడు కూడా ఆయన కంగారు పడేవాడు కాదు. తన కోసం మూతపెట్టి ఉంచుకున్నది తెచ్చి వాళ్ళ కంచంలో బోర్లించి, "నేను ఇందాకే తిన్నాను, మీరు కానివ్వండి" అనేవాడు. శుద్ధ అబద్ధం. ఆ మాట అబద్ధమని డిపోలో కుక్కతో సహా అందరికీ తెలుసు.

ఆయన తప్పు కూడా లేదు. చిన్నప్పుడు వాళ్ళింట్లో పొయ్యి రెండు పూటలా వెలిగిన రోజులు తక్కువ. వాళ్ళమ్మ కూడా "నేను ఇందాకే తిన్నాను" అనే పిల్లలకి పెట్టేది. పదేళ్ళు నిండకుండానే ఒక హోటల్లో గిన్నెలు తోమడానికి చేరి, అక్కడి నుంచి కూరగాయలు తరగడానికి, అక్కడి నుంచి పొయ్యి దగ్గరికి వచ్చాడు. ఈ ప్రయాణంలో ఆయన నేర్చుకున్న శాస్త్రం ఒక్కటే: లోకంలో ఏ జబ్బైనా సరిగ్గా తినకపోవడం వల్ల వస్తుంది. జలుబు చేస్తే తినాలి, మనసు బాగోలేకపోతే తినాలి, ఎక్కువ తిని కడుపు బరువెక్కితే అరగడానికి ఇంకొంచెం ఏదైనా తినాలి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆయన భార్య ఒక దర్జీ కొట్టులో బొత్తాలు కుడుతుంది, కాజాలు తీస్తుంది. మనిషి పొట్టి, మాట కత్తెర. వాళ్ళకి ఒక్కతే కూతురు. సబ్బుల ఫ్యాక్టరీలో సువాసనలు కలిపే గదిలో పని చేసేది. అక్కడ కలిపిన ప్రతి విడత నూనెలోనూ సన్నటి కాగితం ముక్క ముంచి, ముక్కు దగ్గర ఆడించి, పోయినసారి వాసనా ఇదీ ఒకటేనా కాదా అని చెప్పడం ఆమె పని. ఆమె కాదంటే ఆ పీపా ఆగిపోతుంది. ఆ గదిలోకి తలలో పూలు పెట్టుకుని వెళ్ళకూడదు, సెంటు పూసుకుని వెళ్ళకూడదు. తన పిల్ల ముక్కు మీద అంత పెద్ద ఫ్యాక్టరీ నడుస్తోందని గరిటె మామ చెప్పుకునేవాడు. కాస్త అతిశయోక్తే, కానీ కన్నతండ్రి కదా.

ఆ వేసవి చివర్లో పిల్లకి జ్వరం వచ్చింది. జ్వరం పోయింది. పోతూపోతూ వాసన పట్టుకుపోయింది.

ముందు తెలిసింది తండ్రికే. లేచి కూర్చున్న మొదటి రోజు దగ్గరుండి కూర కలిపి ముద్ద నోట్లో పెట్టాడు. పిల్ల కళ్ళు మూసుకుని నమిలి, మింగి, "నాన్నా, ఇది ఏం కూర?" అంది. తలుచుకోండి. జీవితమంతా వండి వడ్డించిన మనిషిని కన్నకూతురు అడిగిన ప్రశ్న అది. ఉప్పూ కారం తప్ప ఇంకేం తెలియడం లేదని అప్పుడు బయటపడింది. ఆ రాత్రి ఆయన నిజంగానే ఏమీ తినలేదు.

డాక్టరు ముక్కులో లైటు వేసి చూసి, నరాలు దెబ్బతిన్నాయి, మెల్లగా కోలుకోవచ్చు, ఒకేసారి అన్ని వాసనలూ రావు, కొన్ని ముందొస్తాయి, కొన్ని నెలల తర్వాత వస్తాయి, రోజూ తెలిసిన వస్తువులు వాసన చూస్తూ ఉండమన్నాడు. రాకపోవచ్చు కూడా అని చివర్లో మెల్లిగా అన్నాడు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు మంచిదే. చలికాలం వెళ్ళేదాకా నీ కుర్చీ నీకే ఉంచుతాను, ఆ తర్వాత మాత్రం ప్యాకింగ్‌లోకి మార్చక తప్పదు అంది. ప్యాకింగ్ చెడ్డ పనేం కాదు. కానీ పాటగాణ్ణి తీసుకెళ్ళి గుమ్మం దగ్గర టిక్కెట్లు చింపమంటే ఎలా ఉంటుందో ఆ పిల్లకి అలా ఉంది.

ఇక గరిటె మామ వైద్యం మొదలైంది. లవంగాలు, కర్పూరం, వెనిగర్, కాఫీ గింజలు, చివరికి డిపో నుంచి సీసాలో తెచ్చిన డీజిలు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం రెండు. మూత తీసి ముక్కు కింద పెట్టడం, "వచ్చిందా?" అనడం. పిల్ల లేదని తల అడ్డంగా ఊపగానే ఇంకా దగ్గరికి జరిపి "ఇప్పుడు వచ్చిందా?" అనడం.

"నాన్నా, రేపట్నుంచి అడగొద్దు. వస్తే నేనే చెప్తాను," అంది పిల్ల ఒకరోజు.

"సరేనమ్మా, అడగను," అని మర్నాడు పొద్దున్నే ఇంగువ డబ్బాతో తయారయ్యాడు.

డిపో వెనక గోడ అవతల ఒక నర్సరీ ఉంది. ఒక ఆవిడ నడుపుతుంది. ఎప్పుడూ మోకాళ్ళ దాకా మట్టి, చెవి వెనక పెన్సిలు. గరిటె మామ అక్కడికి వెళ్ళి, "అమ్మా, నీ దగ్గరున్న వాటిల్లోకెల్లా గట్టిగా వాసనొచ్చే పువ్వు ఏది?" అని అడిగాడు.

"దేనికి అన్నయ్యగారూ?"

"మూసుకుపోయిన ముక్కు తెరిపించడానికి."

ఆవిడ నవ్వకుండా లోపలికి వెళ్ళి జానెడు మొక్క తెచ్చింది. సన్నటి సూదుల్లాంటి ఆకులు, పీలగా ఉంది. "బొరోనియా అంటారు. ఆస్ట్రేలియా పొద. పువ్వు చిటికెన వేలి గోరంత ఉంటుంది. పైన గోధుమరంగు, లోపల పసుపు, తల వంచుకుని ఉంటుంది. చూడ్డానికి ఏమీ ఉండదు. కానీ చలి వెళ్ళేముందు పూసిందంటే మేడ కింద నడిచేవాళ్ళు తలెత్తి చూస్తారు."

ఎలా పెంచాలో కూడా చెప్పింది. పొద్దుటెండ చాలు. మట్టి ఎండిపోకూడదు, నీళ్ళు నిలవకూడదు. వేళ్ళు కదపకూడదు. పూత అయిపోయాక కొసలు కత్తిరించాలి. "అన్నిటికన్నా ముఖ్యం, దీన్ని మేపకండి. ఎరువు వద్దు, ఎముకల పొడి అసలు వద్దు. ఇది నిస్సారమైన ఇసక నేలలో పుట్టిన జాతి."

మిగతావన్నీ గరిటె మామ శ్రద్ధగా విన్నాడు. చివరి మాట విన్నాక ఆయన కళ్ళు చెమర్చాయి. నిస్సారమైన నేల! పాపం, పుట్టిన దగ్గర్నుంచీ కడుపు నిండా తిని ఎరగదన్నమాట!

తర్వాత జరిగింది చెప్పనక్కర్లేదు, అయినా చెప్పాలి. బియ్యం కడిగిన నీళ్ళు, చేపలు కడిగిన నీళ్ళు, టీ పిప్పి, గుడ్డు పెంకులు. క్యాంటీన్‌లో మిగిలిన ఎముకల్ని ఎండబెట్టి, రోట్లో దంచి, జల్లించి మరీ వేశాడు. "ఆవిడ వద్దంది కదండీ," అని భార్య నెత్తీనోరూ కొట్టుకుంది. "అమ్మేవాళ్ళు అలాగే అంటారులే," అన్నాడు. ఆకుల కొసలు మాడాయి. ఆకలేమో అని ఇంకో పిడికెడు వేశాడు. పసుపు పచ్చగా మారాయి. నీరసమేమో అని ఇంకో పిడికెడు. నెల తిరక్కుండా మొక్క చీపురుపుల్లలా అయిపోయింది.

కుండీతో సహా సంచిలో పెట్టుకుని నర్సరీకి పట్టుకెళ్ళాడు. ఆవిడ మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని మొహం పక్కకి తిప్పేసింది.

"అన్నయ్యగారూ, ఇది కుండీయా, మీ క్యాంటీన్ చెత్తబుట్టా?"

"బాగా చూసుకోవాలనే కదమ్మా..."

"దీనికి చాలు అనడం తెలియదు. లేని నేలలో ఏ కాస్త దొరికినా లాక్కునేలా అలవాటు పడ్డ వేళ్ళు ఇవి. ముందు పెడితే పెట్టినంతా తాగేస్తాయి. ఆపుకోలేవు. తిని తిని చస్తాయి. అది వద్దనలేదు కాబట్టి మనమే ఆపాలి."

చంపినవాణ్ణి నేనే అని గరిటె మామకి పూర్తిగా అర్థమైంది. ఎక్కువ పెట్టి ఒక ప్రాణి ఉసురు తీయొచ్చన్న సంగతి అంత వయసొచ్చాక తెలియడం చిన్న దెబ్బేం కాదు.

ఆవిడ కాసేపు సణిగి, ఈసారి కాస్త పెద్ద మొక్కే ఇచ్చింది. ఇసకా, చెట్టు బెరడు ముక్కలూ కలిపి మట్టి కూడా తనే సిద్ధం చేసిచ్చింది. ఇంట్లో భార్య బాల్కనీ తలుపు దగ్గర కాపలాకి కూర్చుంది. "నీళ్ళు తప్ప ఏది తెచ్చినా ముందు నా చేతికివ్వండి," అంది. ఆయన రోజూ పొద్దున్నే వేలు రెండో కణుపు దాకా మట్టిలో దింపి, తడి తగిలితే ఊరుకునేవాడు, తగలకపోతే చెంబుడు నీళ్ళు పోసేవాడు. అంతే. అంతే చెయ్యాల్సి రావడం ఆయనకి ఎంత కష్టమో చెప్పలేం. బియ్యం కడిగిన నీళ్ళు పట్టుకుని బాల్కనీ గుమ్మం దాకా వెళ్ళి, నిలబడి, వెనక్కి వచ్చి వంటింటి తూములో పారబోసిన రోజులున్నాయి. చేతులు దురదపెట్టేవి.

ఆ రోజుల్లోనే కూతురి ముక్కు కింద డబ్బాలు పెట్టడం కూడా ఆగిపోయింది. రెండిటికీ ముడిపెట్టి ఆలోచించాడో, లేక మానుకోవడం అలవాటై అదీ మానేశాడో ఆయనకే తెలియాలి. వచ్చిందా అన్న మాట నాలుక చివరి దాకా వస్తే నీళ్ళు తాగేవాడు.

పిల్ల ఇంట్లోనే ఉండి తల్లి తెచ్చుకున్న చొక్కాలకి బొత్తాలు కుట్టేది. వాసనలు చూసుకోవడం తనూ మానేసింది. రోజూ ఓడిపోవడానికి ఎవరికి మాత్రం ఓపిక ఉంటుంది? కానీ బాల్కనీలో కూర్చుని ఆ పొదని చూస్తూ ఉండేది. కొమ్మల కింద గింజల్లాంటి మొగ్గల్ని ముందు చూసింది తనే.

"నర్సరీ ఆవిడ చెప్పినంత వాసన ఉంటుందంటావా అమ్మా?" అంది ఒకరోజు తల్లితో. తర్వాత సూదిలో దారం ఎక్కిస్తూ, "అది కూడా తెలియకపోతే ఇంక ఆశ పెట్టుకోనమ్మా. వెళ్ళి ప్యాకింగ్‌లోకి మార్చేయమని చెప్పేస్తాను," అంది.

తల్లి ఆ మాట తండ్రి చెవిన వేసింది. ఆ తర్వాత ఆయన మొగ్గల వైపు చూసే చూపే మారిపోయింది.

అవి విచ్చుకున్న రోజుకి పిల్ల ఊరి అవతలి చివర ఉండే పిన్ని ఇంటికి వెళ్ళి ఉంది. సాయంత్రానికి వస్తుంది. పొద్దున్నే భార్య బాల్కనీ తలుపు తీసి, గుమ్మంలోనే ఆగిపోయి, "ఏవండీ! ఇటు రండి! అబ్బ, ఏం వాసనండీ ఇది! పండూ కాదు, పువ్వూ కాదు, రెండూ కలిపినట్టు!" అని కేకేసింది.

గరిటె మామ ఉరుకుల మీద వెళ్ళాడు. పొద నిండా బుల్లి బుల్లి గోధుమరంగు గంటలు వేలాడుతున్నాయి. వంగాడు. పీల్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని, పువ్వు ముక్కులోకి వెళ్ళేంత దగ్గరగా పెట్టి మళ్ళీ పీల్చాడు. ఉత్త చల్లగాలి పీల్చినట్టు ఉంది. ఏమీ లేదు.

"ఎలా ఉంది?" అంది భార్య.

"అబ్బ! చాలా బావుంది," అన్నాడు. భార్య ఆనందం చెడగొట్టడం ఎందుకని.

ఒక రెమ్మ తుంచి చొక్కా జేబులో పెట్టుకుని డిపోకి వెళ్ళాడు. గిన్నెలు తోమే ఆమె దగ్గరికి రాగానే, "ఏంటి మామా, ఇంత కమ్మటి వాసన?" అంది. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్న డ్రైవరు, ఎవడ్రా ఇంత సెంటు కొట్టుకొచ్చింది అని కేకలేశాడు. అందరికీ తెలుస్తోంది. గరిటె మామకి గుండెల్లో రాయి పడింది. తన ముక్కు కూడా పోయిందా? మసాలా డబ్బాలు ఒక్కొక్కటే తెరిచి చూశాడు. అన్నీ తెలుస్తున్నాయి. పొయ్యి మీద కూర తెలుస్తోంది. మూలనున్న తడిగుడ్డ కంపు కూడా నిక్షేపంలా తెలుస్తోంది. ఈ పువ్వు ఒక్కటే తెలియడం లేదు.

పని అవగానే నర్సరీకి వెళ్ళి రెమ్మ ఆవిడ చేతిలో పెట్టి సంగతి చెప్పాడు. ఆవిడ పడీపడీ నవ్వింది.

"మీరూ ఆ జట్టేనా అన్నయ్యగారూ! కొంతమంది ముక్కుకి ఈ పువ్వు అందదు. మిగతావన్నీ అందుతాయి, ఇదొక్కటే అందదు. పుట్టుకతో వచ్చిన తీరు, జబ్బేం కాదు. మా ఆయనకి తెలియదు. ఆయన పోలికే వచ్చి మా పెద్దమ్మాయికీ తెలియదు."

అమ్మయ్య అనుకున్నాడు గరిటె మామ. తనూ నవ్వాడు. ముక్కు ఉండీ లేనట్టేనన్నమాట అని తన మీద తనే ఒక జోకు వేసుకుని, సెలవు తీసుకుని గేటు దాకా వచ్చాడు. అక్కడ కాళ్ళు ఆగిపోయాయి.

తండ్రి పోలిక. తన పిల్లది అచ్చం తన ముక్కే. చిన్నప్పుడు ఉయ్యాల్లో చూసి అందరూ అన్న మాటే అది. ఆ పిల్ల సాయంత్రం ఇంటికి వచ్చి ఆ పువ్వు దగ్గర వంగుతుంది. ఏమీ తెలియదు. ముక్కు బాగుపడ్డా తెలియదు, బాగుపడకపోయినా తెలియదు. ఇంక నా పని అయిపోయిందనుకుంటుంది. ఇంత పెంచీ, ఇంత కాపాడీ, బిడ్డకి తన చేతులతో తెచ్చి పెట్టింది ఇదా!

బస్సు డిపోలో పనిచేసే మనిషి బస్సు కోసం ఆగలేదు. ఆ మోకాళ్ళతో, ఆ పొట్టతో పరిగెత్తాడు. దారిలో ఇద్దరు కండక్టర్లు పలకరించినా వినిపించుకోలేదు. మేడ మెట్లెక్కేసరికి భార్య పైన నిలబడి ఉంది. ఆమె మొహం చూడగానే అర్థమైంది.

"ఇందాకే వచ్చింది," అంది భార్య. "చెప్పులైనా విప్పకుండా బాల్కనీలోకే వెళ్ళింది."

పిల్ల కుండీ పక్కన గోడకి ఆనుకుని, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఏడవడం లేదు. ఏడ్చినా బావుండేది.

"రేపు వెళ్ళి చెప్పేస్తాను నాన్నా," అంది. "చలి కూడా వెళ్ళిపోవచ్చింది. సూపర్‌వైజరు ఇన్నాళ్ళు నా కుర్చీ ఉంచడమే ఎక్కువ."

"వద్దమ్మా, విను. ఈ పువ్వు నాకూ తెలియదు. కొంతమంది ముక్కుకి ఇది అందదట. నర్సరీ ఆవిడ చెప్పింది. వాళ్ళాయనకీ తెలియదట. నీకు నా పోలిక వచ్చిందేమో. దీన్ని బట్టి నీ ముక్కు పోయిందని అనుకోకూడదు తల్లీ." ఆయాసంతో మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి.

పిల్ల జాలిగా చూసింది. "పొద్దున నువ్వు వాసన చూసి చాలా బావుందన్నావట కదా. అమ్మ చెప్పింది."

"అది ఊరికే అన్నానమ్మా!"

"మరి ఇది?"

ఆయన చొక్కా చేతికి నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"నువ్వు ఇందాకే తిన్నానంటావు చూడు, అలాగే ఉంది నాన్నా ఇది కూడా," అంది పిల్ల. కోపంగా అనలేదు. ముద్దుగానే అంది. అందుకే అది ఇంకా లోతుగా దిగింది. జన్మలో ఒక్కసారి ఆయన నిజం చెప్తే అది నిలబడటానికి చోటు లేకుండా పోయింది.

గరిటె మామ కూతురి ఎదురుగా నేల మీద చతికిలబడి భోరున ఏడ్చేశాడు. అంత మనిషి అలా ఏడుస్తుంటే చూడలేక, ఇంతసేపూ బిగబట్టుకున్న పిల్ల కూడా ఏడ్చేసింది. ఏడవకు తల్లీ, ఏడవకు అంటూ ఆయన రెండు చేతులతో ఆమె చెంపలు తుడిచాడు.

పిల్ల మొహం చటుక్కున పక్కకి తిప్పుకుంది. తర్వాత మెల్లగా ఇటు తిరిగి ఆయన మణికట్టు పట్టుకుంది.

"నాన్నా, ఇవాళ వెల్లుల్లి నువ్వే ఒలిచావా?"

"అవునమ్మా, ఒలిచే మనిషి రాలేదు. బుట్టెడూ నేనే..." అని ముక్కు ఎగబీల్చుకుంటూ చెప్పబోయి ఆగాడు. "నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

ఆ రెండు అరచేతుల్నీ మొహానికి గట్టిగా ఆనించుకుని ఆమె ఊపిరి పీల్చింది, మళ్ళీ పీల్చింది. గుమ్మంలో నిలబడ్డ భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గరిటె మామ ఏమీ అడగలేదు. చేతులు నొప్పి పుట్టేదాకా అలాగే ఉంచాడు.